చేయి ఆనే చోటు

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు శివకుమార్ ఒక ఎలక్ట్రిక్ గిటార్ బాడీని తార్నాకలో తన వీధి చివరి ఐస్‌క్రీమ్ షాపు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు. మెడ లేదు, తీగలు లేవు. చెక్క, దాని మీద ఎర్ర రంగు, రంగు మీద మెరుపు పూత, లక్కర్. అంతకుముందు గంటసేపు అది అతని ఇంటి డాబా మీద మే నెల ఎండలో ఉంది. వేడెక్కిన బాడీని ఒక్కసారిగా చల్లబరిస్తే చెక్క ఒక తీరున, లక్కర్ ఒక తీరున ముడుచుకుంటాయి. తర్వాత బయటికి తీసి మళ్ళీ ఎండలో పెడితే లక్కర్ వెంట్రుక మందాన పగులుతుంది. ఏళ్ళు గడిచిన గిటార్ మీద ఆ పగుళ్ళు వాటంతట అవే వస్తాయి. ఈ బాడీకి లక్కర్ కొట్టి ఆరు వారాలైంది. ఆదివారం సాయంత్రానికి ఇది ఇరవై ఏళ్ళ నాటిదానిలా కనిపించాలి.

షాపు నడిపే వెంకటస్వామి కోన్ల డబ్బాలన్నీ పక్క ఫ్రీజర్‌లోకి మార్చాడు.

"గంట అంటే గంటనే శివన్నా. కుల్ఫీలు ఇరుకుల పడ్డయి. గిరాకి ఎవడన్న మూత తీస్తే గీ ఎర్రదాన్ని చూసి గుండె ఆగి సస్తడు."

"మూత తియ్యనియ్యకు."

"నువ్వు గీడనే కూసో మరి. నీ పీనుగకు నువ్వే కాపలా."

శివకుమార్ ప్లాస్టిక్ కుర్చీని ఫ్రీజర్ పక్కకు జరుపుకుని కూర్చున్నాడు. ఫ్రీజర్ మోటారు చప్పుడు మోచేతికి తగులుతోంది. ఎదురుగా రోడ్డు, రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు, స్తంభం నీడలో ఒక బస్సు ఆగి యూనివర్సిటీ వైపు వెళ్ళేవాళ్ళను ఎక్కించుకుంటోంది. ఆ బస్సు ఎక్కితే పది నిమిషాల్లో లైబ్రరీ. అతని భార్య జ్యోతిర్మయి ఈ సమయానికి రెండో అంతస్తులో ఉంటుంది, పాత పత్రికల సెక్షన్‌లో, ఫ్యాను కింద, కళ్ళద్దాలు తలమీదికి తోసుకుని. మూడున్నరకు పర్మిషన్ అడిగి వస్తానంది. బాడీ బయటికి వచ్చాక చూడాలంది. పదిహేనేళ్ళ కాపురంలో అతని పని చూడటానికి పర్మిషన్ అడిగి రావడం ఇదే మొదలు. ఆ పర్మిషన్ తన పనికి పెట్టింది కాదు, ఈ ఎర్ర గిటార్‌కు పెట్టింది, ఈ ఎర్ర గిటార్ ఎవరి మెడకు వేలాడేదో ఆ మనిషికి పెట్టింది. ఈ లెక్క అతను ఆరు వారాలుగా వేస్తున్నాడు, ఎటునుంచి వేసినా జవాబు అదే వస్తోంది, ఫోన్ తీసి ఫొటోలు చూస్తే ఇంకా త్వరగా వస్తుంది. పదకొండు ఫొటోలు. మార్చిలో ఒక ఆదివారం ఆమె తన ఫోన్ నుంచి అతని ఫోన్‌కు పంపింది. "గీ గిటార్ కావాలె నాకు. కొత్తగ కాదు, అట్లనే. పాతగ, గీక్కపోయి," అంది. ఎవరిదని అతను అడగలేదు. క్యాంపస్‌లో వేదిక, వెనక పసుపు బట్ట, దాని మీద సగం కనిపించే బ్యానర్, 2006 అన్న అంకె. పదకొండింటిలోనూ గిటార్ ఆమె కాలేజీ బ్యాండులోని ఆత్రేయ మెడకే ఉంది. రెండింటిలో మైకు ముందు జ్యోతిర్మయి ఉంది, చున్నీ నడుముకు కట్టుకుని, నోరు తెరిచి. ఐదో ఫొటోలో ఆత్రేయ ఆమె వైపు చూస్తున్నాడు. పాట ఎప్పుడు ఎత్తుకుంటుందో చూడటానికి గిటార్ వాయించేవాడు పాడేవాళ్ళ వైపు చూడాల్సిందే. అందరూ చూస్తారు. శివకుమార్ ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి ఆ చూపు మైకు మీద ఉందా మనిషి మీద ఉందా అని చూశాడు, ఒక్కసారి కాదు, చుక్కలుగా విడిపోయేదాకా పెద్దది చేసి చూశాడు.

అతను యూనివర్సిటీ సైన్స్ కాలేజీ వర్క్‌షాప్‌లో మెకానిక్. ల్యాబుల్లో విరిగిన పరికరాలు బాగుచేయడం ఉద్యోగం. ఇంటి డాబా గదిలో గిటార్లు బాగుచేయడం పద్నాలుగేళ్ళుగా రెండో పని. హాస్టళ్ళ నుంచి తెస్తారు, హబ్సిగూడ నుంచి తెస్తారు, సీతాఫల్‌మండి నుంచి రైలు దిగి భుజాన వేసుకుని వస్తారు. గిటార్ నాలుగు చోట్ల అరుగుతుంది. కుడి ముంజేయి ఆనే పై అంచు, తీగలు మీటే చోటు కింద, తొడ మీద కూర్చునే నడుము వంపు, వెనక బెల్టు బకిల్ తగిలే చోటు. ఈ నాలుగూ చూసి వాయించిన మనిషి ఎంత ఎత్తో, నిలబడి వాయిస్తాడో కూర్చునో, గోళ్ళు తీసుకుంటాడో లేదో అతను చెప్పగలడు. ఒకసారి విద్యార్థులు ఆరు గిటార్లు వరసగా పెట్టి పరీక్ష పెట్టారు. ఐదింటికి సరిగ్గా చెప్పాడు. ఆరోది అరువుది అని తర్వాత తెలిసింది. ఆ విద్య మొత్తం ఇప్పుడు ఆత్రేయ మీద పెట్టాడు. మైకు స్టాండు ఎత్తును బట్టి మనిషి ఎత్తు తేల్చాడు, ఐదు అడుగుల పదకొండు అంగుళాలు. తను ఐదు ఆరు. బాడీకి పట్టీ కట్టి, ఫొటోలో ఉన్నంత కిందికి దించి, అద్దం ముందు నిలబడి కుడిచేయి వేసి చూశాడు. ఫొటోల్లో ఆత్రేయ చేయి ఎప్పుడూ పై అంచు మీదే ఉంది, చేయి కింద రంగు ఎంతవరకు పోయిందో ఏ ఫొటోలోనూ కనిపించదు. కనిపించని చోటును ఎత్తును బట్టి లెక్క కట్టాలి. తన చేయి ఆనిన చోటు నుంచి నాలుగు సెంటీమీటర్లు కిందికి కలిపాడు. అక్కడ నాలుగు వందల నంబరు ఉప్పు కాగితంతో రంగు తీశాడు, తర్వాత ఎనిమిది వందలు, తర్వాత గుడ్డ, చివరికి తన అరచేయి. గుడ్డతో రుద్దితే మెరుపు సమంగా పోతుంది, అది అబద్ధంలా కనిపిస్తుంది. అరచేతికి చెమట ఉంటుంది, అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరగదీస్తుంది. పదకొండు సాయంత్రాలు రుద్దాడు. ఎర్ర రంగు పోయి కింద తెల్ల ప్రైమరు, ప్రైమరు పోయి చెక్క వచ్చాయి. చెక్కకు టీ డికాక్షన్ పూసి నలుపు తెచ్చాడు. స్క్రూలను ఉప్పు కలిపిన చింతపండు పులుసులో నానబెట్టి తుప్పు పట్టించాడు. తాళంచెవుల గుత్తితో అంచుల మీద కొట్టాడు.

ఎంతసేపు వాయిస్తే అంత అరుగుతుందన్నది కూడా అతనికి తెలుసు. ఏడో ఫొటోలో తీగల కింద రంగు పోయిన మేర రెండు రూపాయల బిళ్ళంత ఉంది. రోజుకు నాలుగు గంటల చొప్పున మూడేళ్ళు. నాలుగు వేల గంటలకు తక్కువ కాదు. నాలుగు వేల గంటలు ఆత్రేయ వాయించాడు. అందులో జ్యోతిర్మయి ఎన్ని గంటలు అదే గదిలో కూర్చుంది? బ్యాండులో పాడేది కాబట్టి సగం అనుకుందాం, రెండు వేలు. తన పదిహేనేళ్ళలో రెండు వేల గంటలు ఉన్నాయా? ఆమె తొమ్మిదిన్నరకు వెళ్ళి ఐదున్నరకు వస్తుంది, వంట, బట్టలు, ఆమె అమ్మ వచ్చిన రోజులు, తను డాబా గదిలో ఉన్న సాయంత్రాలు, నిద్ర, ఇవి తీసేసి, ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒకే పని మీద ఉన్న గంటలు ఎన్ని? కరోనా ఏడాదిని కలిపినా రెండు వేలు రాలేదు. ఏడో ఫొటోలోనే పై అంచు చివర, ఆత్రేయ మణికట్టు పక్కన, నాలుగు సన్నటి గీతలు కనిపిస్తాయి, పక్కపక్కన, ఒకే ఎడంలో. వాచీ చైను గీతలు అనుకున్నాడు. ఆత్రేయ చేతికి ఏ ఫొటోలోనూ వాచీ లేదు. వేదిక ఎక్కేముందు తీసి జేబులో పెట్టుకుని ఉంటాడు. నడుము వంపు దగ్గర కూడా అరుగుదల కనిపిస్తుంది, అది కూర్చుని వాయించేవాళ్ళకు వచ్చేది. ప్రాక్టీసులో కూర్చుని వాయించేవాడేమో. ఆకురాయితో ఆ నాలుగు గీతలూ గీశాడు, నడుము వంపునూ అరగదీశాడు.

"శివన్నా, కరెంటు పోతే ఏంది సంగతి?" అని వెంకటస్వామి కౌంటర్ దగ్గర నుంచి అరిచాడు.

"పోతే మళ్ళ మొదటికెళ్ళి."

"ఇన్వర్టర్ ఉన్నది కని ఫ్యానుకే. నీ అదృష్టం ఎట్లున్నదో చూద్దం."

ఆత్రేయను ఒకేసారి చూశాడు, పోయిన డిసెంబరులో, హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్ ముందు. జ్యోతిర్మయి పరిచయం చేసింది. మా బ్యాండు ఆత్రేయ, అంది. ఆ ‘మా’లో శివకుమార్ లేడు. ఆత్రేయ చేయి చాపాడు, శివకుమార్ అలవాటుగా ఎడమచేతి వేళ్ళ వైపు చూశాడు. తీగలు నొక్కేవాళ్ళ వేళ్ళ కొసలు గట్టిపడి ఉంటాయి. ఆత్రేయవి లేవు. మానేశాడు అనుకున్నాడు, ఆ సంగతికి ఇల్లు చేరేదాకా సంతోషపడ్డాడు. ఆత్రేయ సాంబారు గురించి ఏదో అన్నాడు, జ్యోతిర్మయి నవ్వింది, ప్లేటు పక్కన పెట్టి మరీ నవ్వింది. ఆదివారం క్యాంపస్‌లో పాత విద్యార్థుల కార్యక్రమం ఉందని, బ్యాండు మళ్ళీ నాలుగు పాటలు చేస్తోందని ఆమె చెప్పింది మొన్న ఫిబ్రవరిలో. నువ్వూ రా అంది. పని ఉంది అన్నాడు. ఫిబ్రవరిలోనే మే నెల ఆదివారానికి పని ఉందన్నాడు, ఆమె సరే అంది. అతను ముందు వరసలో కూర్చోవడం, తను అరగదీసిన గిటార్‌ను ఆత్రేయ మెడకు వేసుకోవడం, ఆమె పక్కన నిలబడి నోరు తెరవడం. ఆ ఫొటోలో తను ఎక్కడ ఉంటాడు? ఫొటో తీసేవాడు తనే అవుతాడు.

పెళ్ళయిన రెండో నెలలో ఒకసారి ఆమె గిటార్ పట్టుకుంది. అప్పటికి అతను గిటార్ల పని మొదలుపెట్టలేదు, వర్క్‌షాప్‌కు ఒక విద్యార్థి తెస్తే తెగిన వైరు అతికించడానికి ఇంటికి తెచ్చాడు. ఆమె మంచం మీద కూర్చుని, తొడ మీద పెట్టుకుని, ఒక నిమిషం వాయించింది, రెండు నిమిషాలు కావచ్చు. అతను గుమ్మంలో నిలబడి విన్నాడు. ఎవరు నేర్పిండ్రు, అని అడిగాడు. ఆత్రేయ అని, మా బ్యాండుల, అంది. ఏ ఆత్రేయ? ఆమె గిటార్‌ను గోడకు ఆనించి లేచింది. కుక్కర్ పెట్టాలంది. ఆ తర్వాత ఆ ఇంట్లోకి నాలుగు వందలకు పైగా గిటార్లు వచ్చి వెళ్ళాయి, ఒక్కటీ ముట్టుకోలేదు. డాబా గదికి టీ తెచ్చినప్పుడు కూడా వాటి మధ్యలోంచి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నడిచేది. ఒకసారి మాత్రం, అతను ఒక గిటార్‌కు తీగలు వేసి మోగించి చూస్తుంటే, కింద మెట్ల మీద నుంచి, ఐదో మెట్టు కాడ గరగర అంటున్నది, అని కేక వేసింది. నిజంగానే గిటార్ మెడ మీది ఐదో మెట్టు దగ్గర తీగ గరగరమంటోంది. ఆ చెవి ఎవరి పక్కన కూర్చుంటే వచ్చిందో అని అతను ఆ సాయంత్రమంతా ఆలోచించాడు. ఇంకోసారి, 2020 అక్టోబరు వానల్లో, హబ్సిగూడ కింది వీధుల్లో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చిన మూడో రోజు, ఎవరితోనో ఫోన్ మాట్లాడి ఆమె మధ్యాహ్నమంతా మెట్ల మీద కూర్చుంది. ఏమైంది అంటే తలనొప్పి అంది. వాన పెద్దదయ్యాక కూడా లేవలేదు. ఫోన్ ఎవరిదో తర్వాత చూశాడు, ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు. ఆత్రేయ. పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలను అతను ఐదేళ్ళకు పైగా మోశాడు, ఆమెను అడగలేదు, ఏప్రిల్‌లో ఒక గురువారం డాబా గదిలో బాడీని బోర్లా వేసి, నడుము నుంచి తన బెల్టు విప్పి, బకిల్‌తో దాని వీపు మీద కొట్టాడు. వెనక వైపు ఏ ఫొటోలోనూ లేదు. బెల్టు కూడా కనిపించదు, చొక్కా పైన ఉంది. జీన్స్ వేసుకున్నవాడికి బెల్టు ఉంటుంది. నిలబడి వాయించేవాడి బకిల్ ఎక్కడ తగులుతుందో అతనికి తెలుసు. వంద గీతలు చాలు. వంద దాటాక లెక్కపెట్టలేదు. ఒకచోట లక్కర్, రంగు, ప్రైమరు దాటి చెక్కలోకి రెండు మిల్లీమీటర్లు దిగింది. వంటింట్లోంచి, ఏం చప్పుడు, అని ఆమె అడిగింది. పని, అన్నాడు. బెల్టు మళ్ళీ నడుముకు పెట్టుకుని కిందికి వెళ్ళి అన్నం తిన్నాడు.

రెండు గంటల నలభై ఆరు నిమిషాలకు అతను ఆత్రేయకు ఫోన్ చేశాడు. నంబరు ఆ పదకొండు నిమిషాల నాటి నుంచి అతని దగ్గర ఉంది. బకిల్ గీతలు ఎడమ పక్కకు ఎక్కువా కుడి పక్కకా అని అడగాలనుకున్నాడు, సరిగ్గానే కొట్టావని ఆ మనిషి నోటితో వినాలనుకున్నాడు.

"శివకుమార్ గారా! చెప్పండి, చెప్పండి. ఎక్కడిదాకా వచ్చిందండీ మన గిటారు?"

"ఫ్రీజర్‌ల ఉన్నది. చిన్న డౌటు. వెనక బెల్టు గీతలు ఎటు పక్క ఎక్కువ ఉండె?"

"బెల్టు గీతలా?" ఆత్రేయ నవ్వాడు. "దానికి బెల్టెక్కడ తగిలిందండీ బాబూ. వెనకంతా అద్దంలా ఉండేది. జ్యోతి కూర్చునే కదా వాయించేది, మంచం మీద."

"జ్యోతి."

"ఆఁ. తన హాస్టల్ గదిలోనేగా ఉండేది ఆ గిటారు. స్పీకర్ లేకుండా వాయించుకునేది, పక్క మంచం అమ్మాయికి కూడా వినపడదు. నాకు స్టేజీ రోజు ఇచ్చేది, ఏడాదికి మూడు ప్రోగ్రాములు. అదీ ఎందుకంటే, అమ్మాయి స్టేజీ ఎక్కి గిటార్ వాయిస్తే ఇంట్లో ఊరుకోరని. నేనేమో నాలుగు స్వరాలు నేర్పినవాణ్ణి, ఆర్నెల్లకే తనదగ్గర నేను నేర్చుకోవాల్సొచ్చింది. మీకు తెలీనిదేముంది."

శివకుమార్ ఫ్రీజర్ మూత మీద చేయి పెట్టాడు.

"తెలుసు," అన్నాడు.

"పెళ్ళప్పుడు మా ఇంట్లో పెట్టింది, వచ్చి పట్టుకెళ్తానని. వరదకి చెక్క విడిపోయిందండీ, అతుకులన్నీ ఊడిపోయాయి. ఫోన్ చేసి చెప్తే పాపం ఏమీ అన్లేదు. నేనే వాగాను అంతసేపూ. సరే, ఆదివారం తనే వాయిస్తోందిగా, నేను కీబోర్డు. మీరు ముందు వరసలో కూర్చోవాలి మరి."

"ఆఁ," అన్నాడు, ఫోన్ పెట్టేశాడు. రెండు నిమిషాల పది సెకన్లు.

నాలుగు వేల గంటలు. అవి ఆత్రేయవి కావు. హాస్టల్ మంచం, గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి, చున్నీ, చేతికి గాజులు. నాలుగు సన్నటి గీతలు, పక్కపక్కన, ఒకే ఎడంలో. గాజులు అన్న మాట మూడు వారాలు ఆకురాయి పట్టుకున్నా అతనికి తట్టలేదు. నడుము వంపు దగ్గర అరుగుదల, కూర్చుని వాయించేవాళ్ళది. ఐదో మెట్టు దగ్గర గరగర. మెట్ల మీద వాన. అన్నీ అతని దగ్గరే ఉన్నాయి, ఒక్కొక్కటే చేతికి వచ్చాయి, ప్రతిదాని మీదా ఆత్రేయ పేరు తనే రాసుకున్నాడు. ఇప్పుడు ఆ పేరు కొట్టేస్తే అసూయ పోవాలి. పోలేదు. అది చోటు మారింది. నాలుగు వేల గంటలు ఆమె ఒక చెక్కను ఒళ్ళో పెట్టుకుని ఎవరికీ వినపడకుండా వాయించుకుంది, ఆ గంటల్లో ఆమె ముఖం ఎలా ఉండేదో అతను చూడలేదు, చూసిన రెండు నిమిషాలను ఒక ప్రశ్నతో ఆపాడు. ఆదివారం తను వాయిస్తున్నానని ఆమె ఆత్రేయకు చెప్పింది, పక్క మంచం అమ్మాయికీ చెప్పి ఉంటుంది, తనకు చెప్పలేదు. నువ్వూ రా అంది. పని ఉంది అన్నాడు. చెప్పబోయిందేమో. ఆ తర్వాతి మాట అదేనేమో. ఆ పక్క మంచం అమ్మాయి ఎవరో కూడా తనకు తెలియదు. ఆమె మీద కూడా అసూయ పడొచ్చు. చెక్క మీద పడొచ్చు. వరదలో విడిపోయిన చెక్క మీద.

ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇప్పుడే బయటికి తీస్తే వీపు మీది గీతలు పూడ్చి, రంగు వేసి, లక్కర్ కొట్టవచ్చు. ఆ లక్కర్ ఆరడానికి కనీసం రెండు వారాలు. ఆదివారం ఎల్లుండి. తీయకపోతే పగుళ్ళు వస్తాయి, గీతలు ఉంటాయి, వీపు తిప్పి చూస్తే ఎవరో ఒక మగవాడు దీన్ని నిలబడి వాయించాడని రాసి ఉంటుంది. అలాంటి మనిషి లేడు. అద్దంలా ఉన్న వీపు మీద ఆ మనిషిని తనే బెల్టు విప్పి కొట్టి నిలబెట్టాడు. వెనక ఎవరూ చూడరు అని ఒకసారి అనుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుని వాయించేవాళ్ళకు వీపు పొట్టకు తగులుతుంది. చీర మీద నుంచి కూడా గరుకు తెలుస్తుంది. అక్కడ పలకలాంటిది బిగిస్తే? ఎందుకు బిగించావని అడుగుతుంది. లేచి మూత ఎత్తాడు. చల్లటి పొగలో ఎరుపు కనిపించింది. మూత దించాడు.

"ఏమన్న, లేసి కూసున్నదా?" అన్నాడు వెంకటస్వామి.

"లేదు."

"మరి ఊకె మూత తియ్యకు. చల్లదనం పోతది."

మూడు గంటల పదికి శివకుమార్ చేతులకు గుడ్డ చుట్టుకుని బాడీని బయటికి తీశాడు. షాపు ముందు ఎండలో రెండు పాల క్రేట్ల మీద పరిచాడు. నిమిషంలోపే మొదటి చప్పుడు వినిపించింది, గోటితో పళ్ళెం అంచు మీద కొట్టినట్టు. తర్వాత రెండోది. తర్వాత లెక్కపెట్టలేనన్ని. లక్కర్ మీద గీతలు ఒక అంచు నుంచి మొదలై ఇంకో అంచుకు వెళ్ళాయి. వెంకటస్వామి ఒక కుల్ఫీ చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, అది కరిగి మణికట్టు దాకా వచ్చింది. పని బాగా వచ్చింది. పద్నాలుగేళ్ళలో ఇంత బాగా రాలేదని శివకుమార్‌కు తెలిసింది.

జ్యోతిర్మయి మూడు గంటల ముప్పై ఎనిమిదికి వచ్చింది. బస్టాపు నుంచి నడిచి వచ్చింది, కొంగు తలమీద వేసుకుని ఉంది.

"రా వదినా. మీ ఆయన కుల్ఫీలన్ని ఆగం చేసిండు నీ కోసం," అన్నాడు వెంకటస్వామి, లోపలికి వెళ్ళాడు.

ఆమె బాడీ ముందు వంగింది. చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత బొటనవేలితో ఒక పగులు వెంట చివరిదాకా వెళ్ళింది. పై అంచు మీది నాలుగు గీతల దగ్గర ఆగింది. ముందుకు వెళ్ళింది. తర్వాత రెండు చేతులతో ఎత్తి తిప్పింది.

"ఇవేంది?"

"బెల్టు గీతలు."

"ఎవరి బెల్టు?"

"నాది," అన్నాడు. ఒక బస్సు వెళ్ళేదాకా ఆగి, "ఆత్రేయది అనుకొని కొట్టిన," అన్నాడు.

ఆమె అన్నిటికంటే లోతైన గీతలో గోరు పెట్టింది. గోరు దిగింది.

"ఆత్రేయకు బెల్టెక్కడిది? ప్రాక్టీసుకు లుంగీ మీద వచ్చేటోడు. మా వార్డెన్ గేటు కాడ్నే ఆపేది." నవ్వు వచ్చింది ఆమెకు. అది లుంగీ గురించి వచ్చిన నవ్వు. అతనికి తెలుసు. అయినా అది ఎంతసేపు ఉందో చూశాడు.

"నేను వంటింట్ల ఉన్ననాడా?" అంది నవ్వు ఆగాక. "ఏం చప్పుడని అడిగిన గద."

"ఆఁ."

"పని అన్నవ్."

"నీదని ఎందుకు చెప్పలే?"

"ఎవరిదని అడిగినవా నువ్వు? ఫొటోలు పంపిన నాడు అడుగుతవేమో అని సూసిన. పదిహేనేండ్ల కింద ఒకటడిగినవ్, ఎవరు నేర్పిండ్రని. ఎట్ల వాయించిన్నో అడగలే. బాగుందని అనలే, బాగలేదని అనలే."

లోపల వెంకటస్వామి కోన్ల డబ్బాలను మళ్ళీ ఫ్రీజర్‌లోకి మారుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. జ్యోతిర్మయి బాడీని పట్టుకుని నీడలోకి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నడుము వంపును తొడ మీద పెట్టుకుంది. కుడి ముంజేయి పై అంచు మీద వేసింది. మెడ లేని గిటార్‌కు ఎడమచేయి దేన్నీ పట్టుకోలేక కాసేపు గాల్లో ఉండి, ఒళ్ళోకి దిగింది.

"ముందట మంచిగ చేసినవ్," అంది. "చెయ్యి కాడ తప్పయింది. సూడు."

ఆమె చేయి ఎర్ర రంగు మీద ఉంది. అతను పదకొండు సాయంత్రాలు రుద్దిన చెక్క ఆమె చేతికి మూడు వేళ్ళ కింద, ఏమీ ఆనకుండా ఉంది.

"గీడ ఉండె," అంది.

అతను సంచిలోంచి పెన్సిల్ తీసి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆదివారం పనున్నదంటివి," అంది.

"లేదు."

"చెయ్యి తియ్యనా?"

"కదలకు."

మోచేతి దగ్గర మొదలుపెట్టి ఆమె చేయి వెంట పెన్సిల్‌తో గీత గీశాడు, గాజుల దగ్గర ఆపాడు. స్కేలు పెట్టి కొలిచాడు. సమయం మూడు గంటల యాభై నాలుగు నిమిషాలు. పొడవు పదహారు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు.